కాటి సీను, కంట్రీ పాట

అమెరికా కంట్రీ పాటలో అమ్మానాన్నల గురించి పాడేది బిడ్డ. మన పద్యనాటకంలో బిడ్డ గురించి పాడేది తల్లో తండ్రో. రెండింటినీ ఆరుబయట, వేలమంది జనం మధ్య కూర్చుని విన్నవాడికి ముందుగా తట్టే తేడా ఇదే. లొరెట్టా లిన్ తాను బొగ్గుగని కార్మికుడి కూతురినని పాడిన పాట 1970లో వచ్చింది. ఆ కార్మికుడు, ఆమె తండ్రి టెడ్ వెబ్, 1959లోనే చనిపోయాడు. కూతురి మొదటి రికార్డు కూడా ఆయన వినలేదు. మనవైపు చూస్తే, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్రుడు కాటికాపరిగా నిలబడి, పాము కరిచి చనిపోయిన కొడుకును మోసుకొచ్చిన భార్యనే కాటిసుంకం అడుగుతాడు. అక్కడ పోయింది తండ్రి, గొంతు బిడ్డది. ఇక్కడ పోయింది బిడ్డ, గొంతు తండ్రిది.

ఏది గొప్పదని తేల్చడానికి కూర్చోలేదు. నాకు రెండూ కావాలి. హార్మోనియం మీద శ్రుతి పట్టగానే ఒళ్లు నిటారుగా అయ్యే ఊళ్లో పెరిగాను. అలాగని పెడల్ స్టీల్ గిటారు మూలుగు వినపడితే పక్కగది తలుపు వేసుకునే రకాన్నీ కాను.

తిరనాళ్ల రాత్రి ఎట్లా ఉంటుందో తెలుగు పాఠకుడికి నేను వర్ణించి చెప్పక్కర్లేదు. శివరాత్రికి కోటప్పకొండ కింద విద్యుత్ ప్రభలు వరసగా నిలబడితే, వాటి ముందు వేదికల మీద ఒకచోట పాటకచేరీ, ఒకచోట నాటకం, ఇంకోచోట పెద్దలు చూడనట్టు నటించే రికార్డింగ్ డాన్సు. కంట్రీ సంగీతం సంగతి మాత్రం మనలో చాలామందికి టోపీ, బూట్లు, గుర్రం దగ్గరే ఆగిపోతుంది. దాని పుట్టుక ఇంత చెప్పాలి. 1927 వేసవిలో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన టెనెసీ, వర్జీనియా సరిహద్దు మీదున్న బ్రిస్టల్‌లో మకాం వేసి, చుట్టుపక్కల కొండ ఊళ్ల పాటగాళ్లను పిలిపించి పాడించాడు. కార్టర్ కుటుంబమూ జిమ్మీ రోజర్సూ రికార్డుకెక్కింది ఆ మకాంలోనే. అంతకు రెండేళ్ల ముందే నాష్‌విల్ రేడియోలో మొదలైన శనివారం రాత్రి కార్యక్రమం తర్వాత గ్రాండ్ ఓల్ ఓప్రీగా పేరు మార్చుకుని ఇప్పటికీ నడుస్తోంది. మన పద్యాన్ని గ్రామఫోను ప్లేటు ఊరూరికీ మోసినట్టే, వాళ్ల పాటను ప్లేటూ రేడియో రెండూ మోశాయి.

ఆరుబయటి సభలు ఆ తర్వాతి పెంపకం. విల్లీ నెల్సన్ 1973 జులై 4న టెక్సస్‌లోని డ్రిప్పింగ్ స్ప్రింగ్స్ దగ్గర మొదలుపెట్టిన పిక్నిక్కు అందులో పేరుమోసింది. ఇప్పుడు కాలిఫోర్నియాలోని ఇండియోలో 2007 నుంచి స్టేజ్‌కోచ్ అనే పెద్ద ఉత్సవం జరుగుతోంది. 2024 జూన్ 15న జార్జ్ స్ట్రెయిట్ టెక్సస్‌లో కాలేజ్ స్టేషన్ ఊరి ఫుట్‌బాల్ మైదానంలో పాడితే 1,10,905 మంది టికెట్టు కొని వచ్చారు. అమెరికాలో ఒక్క గాయకుడి టికెట్టు సభకు అంతమంది రావడం అదే మొదలు. ఇన్నేసి వేలమందిలో ఎవరు ఎవరితో వచ్చారో చూడటం నాకు పాటంత ఇష్టం.

మా అమ్మాయి టెక్సస్‌లో ఉంటుంది. ఆ వేసవి మేం వెళ్లినప్పుడు, వాళ్లమ్మ ఎండకు రానని ఇంట్లోనే ఉండిపోతే, నన్ను ఒక్కణ్ణే పచ్చికలో కూర్చుని వినే కచేరీకి తీసుకెళ్లింది. గేటు దగ్గర సంచిలోంచి అన్నీ కనపడాలని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచులే లోపలికి వదులుతున్నారు. సాయంత్రం ఏడు దాటినా ఎండ చురుక్కుమంటూనే ఉంది. కాళ్లు పొట్టిగా ఉండే మడత కుర్చీలు, దుప్పట్లు, పొడుగాటి బీరు డబ్బాలు. మా పక్కనే అరవై దాటిన తల్లి, ముప్పై దాటిన కూతురు, ఇద్దరికీ ఒకే రకం బూట్లు. ముందు వరసలో నెరిసిన మీసాల మనిషి, ఆయన భుజమెత్తు కొడుకు. ఇద్దరూ గంటసేపు ఒక్క మాట అనుకోలేదు. చనిపోయిన తండ్రి నడిపిన పాత బండి గురించిన పాట ఒకటి మొదలైంది. సగం పాటలో ఆ కొడుకు తల తిప్పకుండానే చెయ్యి చాపి తండ్రి భుజం మీద వేశాడు. తండ్రీ తల తిప్పలేదు. ఇద్దరూ వేదికకేసే చూస్తూ పాడుతున్నారు. పాట అయిపోగానే చెయ్యి తీసేశాడు. ఆ తర్వాత ఇద్దరూ బీరు తెచ్చుకోవడానికి లేచి వెళ్లారు.

మన తిరనాళ్లలో ఆ భుజమూ ఆ చెయ్యీ ఒకచోట ఉండవు. తండ్రి వేదిక ముందు చాప మీద, కండువా తలకు చుట్టుకుని. కొడుకు ఎక్కడో వెనక మోటారు సైకిలుకు ఆనుకుని, నలుగురు స్నేహితులతో. ఇద్దరూ ఒకే కాటి సీను వింటారు, తెల్లారి ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తరు. పెళ్లయిన కూతురు అయితే పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఆడవాళ్ల వైపున ఉంటుంది. అయితే పద్యం తాకనట్టు కాదు. చంద్రమతి మెడలో తాళిని, భర్తకు తప్ప ఎవరి కంటికీ కనపడని ఆ తాళిని, కాటికాపరి చూసి పేర్కొనే క్షణాన కండువా కొంగుతో కళ్లు తుడుచుకునే ముసలాయన్ని చూడని తిరనాళ్లు నాకు గుర్తులేదు. అమెరికా తండ్రి పక్కన కొడుకును పెట్టుకుని ఏడిస్తే, మన తండ్రి కొడుక్కి కనపడనంత దూరంలో ఏడుస్తాడు.

ఇక వినే పద్ధతి. కచేరీకి బయల్దేరేటప్పుడే అమ్మాయి హెచ్చరించింది.

“నాన్నా, అక్కడ వన్స్ మోర్ అనకు. అందరూ మనకేసే చూస్తారు.”

“మరి పాట బాగుంటే ఏం చెయ్యాలి?”

“పాడాలి. వాళ్లతో పాటు నువ్వూ పాడాలి.”

“రాని పాట ఎట్లా పాడేది?”

“రెండోసారి పల్లవి వచ్చేటప్పటికి నీకే వస్తుంది, చూడు.”

నిజంగానే వచ్చింది. రావడానికి కారణం నా తెలివి కాదు, పాట కట్టుబడి. కంట్రీ పాట చాలావరకు మూడు కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) మీద నడుస్తుంది. వరస గొంతులో ఎక్కువ ఎత్తుకు పోదు. పల్లవిలో మాటలు మాట్లాడుకునే మాటలే. వేలమంది కలిసి పాడటానికి వీలుగా దాన్ని తూచి కడతారు. కాగా సీసపద్యం దీనికి పూర్తిగా ఎదురు. పాదం పాదానికీ విరుపు, చివర ఎత్తుగీతి, ఆపైన ఊపిరి ఉన్నంతసేపు సాగే రాగం. అది ఒక్కడే పాడగలిగేటట్టు కట్టిన పద్యం. జనానికి అక్షరం అక్షరం వచ్చు, పెదవులు కదులుతుంటాయి, కానీ గొంతు కలిపితే పక్కవాడు ఊరుకోడు. జనం వంతు పద్యం అయ్యాక వస్తుంది: ఈల, చప్పట్లు, వన్స్ మోర్, నటుడి చొక్కాకు గుచ్చే నోటు, ఫలానా ఊరు ఫలానా వారు నూటపదహార్లు అని మైకులో చదివింపు. అక్కడ శ్రోత పాటలో భాగస్థుడు, ఇక్కడ శ్రోత పోషకుడు. ఒకళ్లు తమ కథ పాడుకుంటున్నట్టు పాడతారు. ఒకళ్లు రాజు కథను రాజులా కూర్చుని వింటారు, చేతిలో ఉన్నది నూటపదహార్లే అయినా.

బుర్రకథ ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. కథకుడు తంబుర మీటుతూ, అందెలు మోగిస్తూ చెబుతుంటే అటొక వంత, ఇటొక వంత గుమ్మెటలతో తందాన పలుకుతారు. జనం పాడాల్సిన పల్లవి వంతలు పాడిపెడతారన్నమాట. ఒక వంత హాస్యమాడితే, మరో వంత ఆనాటి రాజకీయం కలుపుతాడు. కంట్రీ గాయకుడు పాటకూ పాటకూ మధ్య గిటారు సరిచేసుకుంటూ ఊసుపోక చెప్పే కబుర్లలో ఈ రెండు పనులూ ఒక్కడే చేసేస్తాడు. రాజకీయం మాత్రం కాస్త చూసుకుని.

వాద్యాల దగ్గర చుట్టరికం ఇంకా దగ్గరది. పెడల్ స్టీల్ వాయించేవాడు కుర్చీలో కూర్చుంటాడు. ముందు కాళ్లున్న బల్లలాంటి వాద్యం, ఎడంచేతిలో ఉక్కు కడ్డీ, కింద పాదాలకు పెడళ్లు, మోకాళ్లకు మీటలు. కుడిచేత్తో తీగ మీటి ఎడంచేత్తో కడ్డీని జార్చగానే స్వరం మెట్టు దిగకుండా జారుతుంది. మనం జారు అంటామే, అదే. కర్ణాటక సంగీతంతో కాస్త పరిచయమున్న తెలుగు చెవికి కంట్రీలో ముందుగా పరిచయస్థురాలిలా పలకరించేది ఈ వాద్యమే. హార్మోనియానికి ఈ శక్తి లేదు. మెట్టుకు మెట్టుకు మధ్య దానికి దారి లేదు. అందుకే పద్యనాటకంలో ఆ జారు, ఆ కంపం అంతా నటుడి గొంతే పలికించాలి. అక్కడ ఏడుపు వాద్యానిది, గాయకుడు మామూలుగా, కబురు చెప్పినట్టు పాడతాడు. ఇక్కడ వాద్యం నిలకడగా ఉంటుంది, ఏడ్చేది మనిషి. చిత్రమేమిటంటే రెండూ పైనుంచి వచ్చినవే. స్టీల్ గిటారు వాయించే పద్ధతి హవాయి దీవులది, హార్మోనియం యూరపుది. ఊరి కళ అని మనం గుండెలకు హత్తుకునేదాంట్లో ఊరిది ఎంత, పరాయిది ఎంత అని విడదీయబోతే చివరికి చేతిలో ఏమీ మిగలదు.

మనుషుల విషయంలోనూ అంతే. కంట్రీ సభ పచ్చికలో నాలాంటి చామనఛాయ ముఖాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి, నల్లవాళ్లు ఇంకా తక్కువ. కానీ కంట్రీలో మోగే బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్ల వాద్యం. ఎ.పి. కార్టర్ కొండ ఊళ్లు తిరిగి పాటలు సేకరించేటప్పుడు వెంట ఉన్నది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు వాద్యకారుడు. కార్టర్ మాటలు రాసుకుంటే రిడిల్ వరస మనసులో పట్టుకునేవాడు. ఓప్రీకి తొలినాళ్లలో పేరు తెచ్చినవాళ్లలో డీఫర్డ్ బెయిలీ ఉన్నాడు, మౌతార్గాన్ వాయించిన నల్లవాడు. 1941లో ఆయన్ని తీసేశారు. కంట్రీ సంగీత కీర్తిమందిరంలో ఆయనకు చోటు దొరికింది 2005లో, పోయిన ఇరవై మూడేళ్లకు.

అలాగే మన కాటి సీను. బలిజేపల్లి వారి నాటకంలో నటుడు శ్మశానంలోకి అడుగుపెట్టి అందుకునే పద్యాలు చాలాచోట్ల జాషువావి. 1895లో వినుకొండలో పుట్టిన, అంటరానితనాన్ని ఒంటి మీద మోసిన కవి. కోటప్పకొండకు వినుకొండ దూరమేమీ కాదు. ఆయన పద్యం మోగకపోతే తిరనాళ్ల జనం నాటకం కాలేదంటారు, డబ్బు వెనక్కిమ్మంటారు. బొబ్బిలి, పల్నాటి కథల్ని మన ఊళ్లకు కొత్తగా చెప్పిన షేక్ నాజర్ పొన్నెకల్లు దూదేకుల బిడ్డ. నాజర్‌కు బతికుండగానే, 1986లో, పద్మశ్రీ వచ్చింది. ఆ మేరకు మనం ఓప్రీ కన్నా కాస్త నయమని చెప్పుకోవచ్చు. జాషువా విషయంలో అంత ధైర్యంగా చెప్పలేం.

మళ్లీ తండ్రీబిడ్డల దగ్గరికి వస్తాను. కంట్రీలో బిడ్డకు గొంతు ఎట్లా దొరికింది? ఒక కారణం, వాళ్ల పాట నేను అని మొదలవుతుంది. నేను పుట్టిన ఇల్లు, మా నాన్న బండి, మా అమ్మ కుట్టిన కోటు. డాలీ పార్టన్ 1971లో పాడింది తల్లి గుడ్డపీలికలతో కుట్టిచ్చిన కోటు గురించే. ఆ తల్లి సూది ఆడిస్తూ బైబిల్లోని యోసేపు రంగురంగుల అంగీ కథ చెప్పిందట. అంటే పురాణం అక్కడా ఉంది. అయితే అది తల్లి నోట, కుట్టుపని మధ్యలో వస్తుంది, వేదిక మీదికి ఎక్కదు. మెర్ల్ హాగర్డ్ 1968 పాట ఇంకో మెట్టు ముందుకెళ్లింది. కుర్రవయసులో జైలుకెళ్లిన కొడుకు, తప్పు తనది, అమ్మది కాదని లోకం ముందు ఒప్పుకుంటాడు. మన వేదిక మీద ఏ కొడుకైనా తల్లిని ఇట్లా నిర్దోషిగా విడిపించాడా అని వెతికాను. దొరకలేదు.

మన దగ్గర నేను అనేది నాటకంలో లేదు, అతడు మాత్రమే ఉన్నాడు. తండ్రి తన కొడుకు గురించి సభలో ఏడిస్తే పరువు తక్కువ, హరిశ్చంద్రుడు లోహితాస్యుడి కోసం ఏడిస్తే కళ. పురాణం ఇచ్చిన ఈ చాటు చిన్నదేమీ కాదు. కంట్రీ పాటలో సాధారణంగా ఒక మనిషి దుఃఖం ఒక ఇంటి దుఃఖంగానే ఉంటుంది. కాటి సీనులో రాజు, కూలి, బానిస, తండ్రి అన్నీ ఒక్క మనిషి మీదే వచ్చిపడతాయి. కొడుకు శవానికి కూడా సుంకం అడగాల్సి వచ్చిన కూలివాడి దుఃఖం నాష్‌విల్ పాటల్లో నాకు ఎదురుపడలేదు. బొగ్గుగని పాటల్లో దాని ఛాయ ఉంది, అంతే.

బిడ్డకు వారసత్వం అందించే తీరులోనూ ఈ తేడా కనపడుతుంది. 1973లో జానీ క్యాష్ తనతో పర్యటనకు వచ్చిన పద్దెనిమిదేళ్ల కూతురు రోజాన్‌ను ఏవేవో పాటల గురించి అడిగితే ఆమెకు చాలా తెలియలేదు. ఆయన కాగితం తీసుకుని, ఆమె తప్పకుండా నేర్చుకోవాల్సిన వంద పాటల పేర్లు రాసిచ్చాడు. ఆమె ఆ కాగితాన్ని దాచుకుంది. తండ్రి పోయిన ఆరేళ్లకు, 2009లో, అందులోంచి పన్నెండు పాటలు పాడి ఆల్బం తెచ్చింది. మరోవైపు హాంక్ విలియమ్స్ కొడుకు. తండ్రి 1953 జనవరి 1న చనిపోయేటప్పటికి వాడికి మూడేళ్లు. ఎనిమిదేళ్లకల్లా తండ్రి పాటలు తండ్రిలాగే పాడమని వేదికెక్కించారు. ఆ నీడలోంచి బయటపడి తన పాట తాను పాడటానికి అతనికి సగం యవ్వనం పట్టింది. జాబితా ఇచ్చిన తండ్రి ఒకడు, నీడ మిగిల్చిన తండ్రి ఒకడు.

మనకు సురభి ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన దగ్గర్నుంచి తరతరాలుగా ఒకే కుటుంబం, కొమ్మలు కొమ్మలుగా, నాటకం వేస్తూనే ఉంది. అక్కడ చంటిబిడ్డ వేషానికి చంటిబిడ్డే వస్తుంది. తల్లి వేషంలో దాని తల్లే ఉన్నా ఆశ్చర్యం లేదు. కార్టర్ కుటుంబంలో తల్లి మేబెల్ గిటారు వాయిస్తూ ఆడపిల్లల్ని వేదిక మీద పెంచినట్టే ఇదీ. అయితే మేబెల్ కూతురు జూన్ పెరిగి పెద్దదై తన మాటలు తాను రాసుకుంది. సురభి బిడ్డ పెరిగి పెద్దదై చంద్రమతి వేషానికి మారుతుంది. తల్లి పద్యం కూతురికి వస్తుంది, కూతురికంటూ పద్యం లేదు.

ఎదిగిన బిడ్డ మన వేదిక మీద బొత్తిగా లేడనడం అన్యాయం. పల్నాటి బాలచంద్రుడున్నాడు. బొంగరం ములికి కాలికి గుచ్చుకున్న ఇల్లాలు దెప్పిన మాటకు యుద్ధం సంగతి తెలుసుకుని, పోనివ్వమని తల్లి ఐతాంబతో వాదానికి దిగుతాడు. తల్లి ఎంత ఆపినా ఆగడు. బుర్రకథలో ఆ తల్లీకొడుకుల సంవాదం నడిచేటప్పుడు వంతలు కూడా హాస్యం తగ్గిస్తారు. కానీ ఏం లాభం? కారెంపూడి రణరంగంలో చావడానికే ఆ కొడుక్కి నోరిచ్చారు. అలాగే కంట్రీ కూడా తల్లిదండ్రుల గొంతును బొత్తిగా వదిలేసిందనలేం. జార్జ్ స్ట్రెయిట్ 1990లో పాడిన పాట ఒకటి తండ్రి మాటతో మొదలై, ఆ కొడుకే తండ్రై అదే మాట తన కొడుక్కి చెప్పేదాకా సాగుతుంది. అదే స్ట్రెయిట్ తర్వాత తన సొంత కొడుకుతో కలిసి పాటలు రాశాడు. విల్లీ నెల్సన్ పక్కన కొడుకు లూకస్ నిలబడి గిటారు వాయించాడు. అయితే ఇవి లెక్కకు కొన్నే. బతికున్న తండ్రి, ఎదురుగా కూర్చున్న బిడ్డ గురించి పాడే పాట నాష్‌విల్‌కూ అంత సులువుగా రాలేదు.

కాబట్టి రెండు సభలూ చేసే పని ఒకటే. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని అనలేని మాటను, పదివేలమంది మధ్యలో ఇద్దరూ ఒకే వైపు తిరిగి కూర్చున్నప్పుడు ఇంకొకరి నోటితో అనిపిస్తాయి. అందుకు పదివేలమందీ కావాలి. తండ్రి పాత బండి గురించిన ఆ పాటే కారులో మేమిద్దరమే ఉన్నప్పుడు వస్తే, అమ్మాయి ముందు దారి చూస్తూ వాల్యూం తగ్గించింది, నేను ఏసీ ఎక్కువైందన్నాను. పచ్చికలో మాత్రం పక్కపక్కనే గొంతెత్తి పాడాం. నాకు మాటలు సగమే వచ్చినా ఆమె నవ్వలేదు.

పద్యనాటకం రాసేవారికీ, పరిషత్తులు నడిపేవారికీ నా మనవి ఒకటుంది. పోటీలు జరుగుతూనే ఉన్నాయి, కొత్త నాటకాలకు బహుమతులూ ఉన్నాయి. రాస్తున్నవాళ్లు మాత్రం ఇంకా చచ్చిపోయే పసివాణ్ణీ, శపించే తండ్రినీ పట్టుకుని వేలాడుతున్నారు. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉండి, తల్లిదండ్రులు నరసరావుపేటలో ఫోను దగ్గర కూర్చునే ఇళ్లు ఈనాడు వీధికి పది ఉన్నాయి. పురాణంలోంచే తీసుకోండి, సాంఘికమే రాయండి, మీ ఇష్టం. ముప్పై ఏళ్ల కూతురికి ఒక సీసపద్యం ఇవ్వండి, అరవై దాటిన తండ్రి వేదిక మీదే నిలబడి దాన్ని వినాలి. రాగం ఎంతసేపు తీసినా వింటాం, వన్స్ మోర్ కూడా అంటాం. తెర పడేదాకా ఇద్దరిలో ఎవర్నీ చంపకండి, చాలు.